క్యాను నిండేలోగా బడి కబుర్లు

పిడుగురాళ్ల శివార్లలో, సున్నం బట్టీల పక్కనున్న కాలనీలో శనివారం సాయంత్రం మంచినీళ్ళు పట్టుకోవాలంటే ముందు బడి కబుర్లు వినాలి. నాకు తొందర పనుంది, తర్వాత వింటాను అంటే అక్కడ చెల్లదు. కుళాయి ఖాతూన్ బీ చేతిలో ఉంటుంది. ఇరవై లీటర్ల క్యాను నిండడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. అపర్ణ టీచరు రాసి పంపిన కాగితాన్ని ఖాతూన్ బీ మొదటి నుంచి చివరిదాకా ఒప్పజెప్పడానికీ అంతే పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోను చెవిన పెట్టుకున్నారో, కుళాయి ఆగిపోతుంది. సగం నిండిన క్యాను ఒకపక్క, ఆవిడ చూపు ఇంకోపక్క. ఆ చూపు ముందు నిలబడి ఫోను మాట్లాడిన మొనగాడు కాలనీలో ఇంతవరకూ పుట్టలేదు.

ఖాతూన్ బీకి యాభై నాలుగేళ్ళు. అక్షరం ముక్క రాదు. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయనతోపాటు బట్టీలో రాయి మోసింది. ఆయన పోయాక, మోకాళ్ళు మొరాయించాక, వాటర్ ప్లాంటులో పనికి కుదిరింది. కొడుకు అమ్జద్ హైవే మీద లారీలు బాగుచేస్తాడు. అమ్జద్ కూతురు జెబా కాలనీ బళ్ళో నాలుగో తరగతి. ఇక ఖాతూన్ బీ నోటి సంగతి. ఆ నోటికి జడిసి కుక్కలు కూడా ప్లాంటు ముందు పడుకోవని గిట్టనివాళ్ళు చెబుతారు. పచ్చి అబద్ధం. ఆ కుక్కలకు రోజూ పళ్ళెంలో నీళ్ళు పోసేది ఆవిడే.

అపర్ణ టీచరు రెండేళ్ళ కిందట ఈ బడికి వచ్చింది. ఇల్లు వినుకొండలో, రోజూ బస్సు ప్రయాణం. ఆవిడకు ఒక అలవాటు. ఆ వారం బళ్ళో ఏం జరిగింది, వచ్చే వారం ఏం జరగబోతోంది, ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి అన్నవి ఒక పేజీలో రాసి, జిరాక్సు తీయించి, ప్రతి శనివారం పిల్లల సంచుల్లో పెట్టి పంపుతుంది. వాట్సాప్ గ్రూపులోనూ పెడుతుంది. ఆ కాగితాలకు పట్టే గతి చూడాలి. కొన్ని పొయ్యి అంటించడానికి పనికొచ్చేవి, కొన్ని మురిక్కాలవలో పడవలయ్యేవి, మిగతావి టిఫిను డబ్బా కింద తడిసి సంచికి అంటుకుపోయేవి. గ్రూపు సంగతి ఇంకా ఘోరం. కాలనీలో ఫోన్లన్నీ మగవాళ్ళ దగ్గర, మగవాళ్ళేమో లారీల మీద. రేపు పిల్లలకు నులిపురుగుల మాత్రలు వేస్తాం, అన్నం తినిపించి పంపండి అని టీచరు రాస్తే, ఆ కబురు మూడు రోజుల తర్వాత ఒడిశాలో ఎవరికో తెలిసేది.

ఖాతూన్ బీకి ఆ కాగితంతో పరిచయం తగువుతో మొదలైంది. ఒకరోజు బళ్ళో అందరికీ యూనిఫాంలో ఫొటో తీశారు. జెబా ఎర్ర గౌనులో పోయింది. ఫొటోలో చివరన నిలబడి ఏడ్చింది, ఇంటికొచ్చీ ఏడ్చింది. ఖాతూన్ బీ కొంగు బిగించి బడికి పోయి, ముందుగా ఒక మాట చెప్పడానికి మీకు నోళ్ళు లేవా అని వరండాలో నిలబడి అడిగింది. అపర్ణ టీచరు జెబా సంచి తెప్పించి, అడుగునుంచి నాలుగు మడతల కాగితం తీసి చేతిలో పెట్టింది. అందులో మూడో వరస ఫొటో గురించే. ఖాతూన్ బీకి చదవడం రాదు గనక టీచరే చదివి వినిపించింది. తిట్టడానికి వెళ్ళిన మనిషి ఆ కాగితాన్ని రవికలో దోపుకుని తిరిగొచ్చింది.

ఆ శనివారం జెబా చేత కొత్త కాగితం నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగోసారికి మొత్తం నోటికొచ్చేసింది. సాయంత్రం ప్లాంటు తెరిచి, మొదటి క్యాను కుళాయి కింద పెట్టగానే మొదలుపెట్టింది. మూడో తరగతి పిల్లలు ఎనిమిదో ఎక్కం ఒప్పజెప్పారు. నాలుగో తరగతి వాళ్ళు ప్రహరీ వెంట బెండగింజలు పెట్టారు, నీళ్ళు వాళ్ళే పోస్తున్నారు. సోమవారం గోళ్ళు చూస్తారు. రెండో తరగతి పిల్లలు పలకలు మర్చిపోతున్నారు, ఇంట్లోవాళ్ళు కాస్త చూడాలి. ఇంతవరకూ టీచరు రాసింది. ఎవరి కూతురి గోళ్ళలో ఎంత మట్టి ఉంది, ఎవరి కొడుకు పలక ఏ గోడ పక్కన దొరికింది అన్న వివరాలు ఖాతూన్ బీ సొంతంగా కలిపేది. సిగ్గుతో కొందరు, పౌరుషంతో కొందరు, మొత్తానికి సోమవారం నాటికి కాలనీలో గోళ్ళు పెరిగిన పిల్ల ఒక్కతీ లేదు.

మొదట్లో కొంతమంది అలిగి హైవే అవతలి ప్లాంటుకు పోయారు. అక్కడి నీళ్ళు ఉప్పగా ఉండేసరికి నెల తిరక్కుండా వెనక్కొచ్చారు. దసరా సెలవులు ఎప్పట్నుంచో, సంక్రాంతికి ముందు పరీక్ష ఏ పూటో తల్లులు ఒకరికొకరు చెప్పుకునే రోజులొచ్చాయి. రాసేది అపర్ణ టీచరే, కానీ మోసేది మాత్రం ఖాతూన్ బీ. ఆవిడకు ఆ సంగతి బాగా తెలుసు, కొంచెం గర్వం కూడా ఉంది. ఉంటే తప్పేముంది?

రెండో ఏడు బడి తెరిచాక అసలు పరీక్ష ఎదురైంది. బట్టీల కాలనీలో కళ్ళు నీళ్ళు కారినా, ఎర్రబడినా, చూపు ఆనకపోయినా అందరూ చెప్పేది ఒకటే మాట, సున్నం దుమ్ము. కడుక్కుంటే పోతుందంటారు. అపర్ణ టీచరుకు ఆ మాట మింగుడుపడలేదు. తరగతిలో కొందరు పిల్లలు బోర్డు చూసి రాయకుండా పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసి రాస్తున్నారు. బట్టీలో బస్తాలు మోసే అంకమ్మ కొడుకు రాజేష్ అయితే మరీను. నోటి లెక్కలు టకటకా చెబుతాడు, బోర్డు మీద రాసిన లెక్క మాత్రం ఎప్పుడూ తప్పే. వాడికి మొద్దు అని పేరు పడిపోయింది. టీచరు గుంటూరులో ఒక కళ్ళాసుపత్రి వాళ్ళకు ఉత్తరం మీద ఉత్తరం రాసి, చివరికి వాళ్ళ వ్యాను బడికి వచ్చేలా ఒప్పించింది. ఒక్కటే షరతు. కంట్లో చుక్కల మందు వేస్తారు, వేశాక నాలుగైదు గంటలు పిల్లలకు సరిగా కనపడదు. లారీలు తిరిగే రోడ్డు గనక ప్రతి పిల్లతోనూ ఇంటి మనిషి ఒకరు వచ్చి సంతకం పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి.

కాగితంలో గురువారం అని రాశారు. ఖాతూన్ బీ దాన్ని కుళాయి దగ్గర సంత మర్నాడు అని చెప్పింది. కాలనీలో వారాల పేర్లు తెలిసినా రోజులు గుర్తుపెట్టుకునేది వాటితో కాదు. బుధవారం సంత జరుగుతుంది, దాన్ని పట్టుకునే అందరూ లెక్కపెట్టుకుంటారు. సంత ముందురోజు, సంతరోజు, సంత మర్నాడు. పెళ్ళిచూపులు, అప్పుల గడువులు అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. ఇంతకాలం బడి కబుర్లూ అలాగే నడిచాయి.

ఆ వారం పీర్ల పండుగ వచ్చింది. బుధవారం పీర్లు సంతబయలు మీదుగా ఊరేగుతాయి గనక సంతను గురువారానికి మార్చామని సోమవారం ఆటోలో మైకు కట్టి చెప్పారు. అందరూ విన్నారు, ఖాతూన్ బీ కూడా విన్నది. ఆవిడకు ఆ మూడు రోజులూ పీర్ల చావిడి దగ్గర పానకాల హడావిడి, ఊపిరి తీసుకునే తీరిక లేదు. సంత ఒకరోజు మారితే సంత మర్నాడు కూడా ఒకరోజు మారుతుందని కాలనీలో ఒక్కరి బుర్రకూ తట్టలేదు. కళ్ళ వ్యాను శుక్రవారం వస్తుందని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

గురువారం పదిన్నరకు జెబా బడి నుంచి రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. వ్యాను వచ్చి గంటైందని, ఏ కొద్దిమందో తప్ప ఎవరి అమ్మానాన్నలూ రాలేదని, టీచరు రమ్మంటోందని చెప్పింది. సంత జరిగినా వ్యాను రోజు జరగలేదని ఖాతూన్ బీకి అప్పుడు అర్థమైంది. జెబాను బడికి పొమ్మని, ప్లాంటుకు తాళం కూడా వెయ్యకుండా బట్టీల వైపు పరుగు తీసింది. ఆ మోకాళ్ళతో పరుగు అనాలో, ఈడ్చుకుంటూ పోవడం అనాలో.

బట్టీ దగ్గర మేస్త్రీ యల్లమంద రెండు లారీలకు ఒకేసారి లోడు వేయిస్తున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. పని విషయంలో గట్టివాడు, అంతే. ఆయాసపడుతూ ఈవిడ చెప్పిందంతా విని, లారీ వైపు చెయ్యి చూపించాడు.

“అక్కా, సంత మర్నాడని చెప్పింది నువ్వేగా. రేపు పొద్దున అందర్నీ ఒదలాలనే ఇయ్యాల రెండు లారీలు పెట్టించా. పొయ్యెక్కినోళ్ళను పొయ్యి మీదనుంచి, బస్తా ఎత్తినోళ్ళను బస్తా కిందనుంచి ఇప్పుడెట్టా పంపను?”

మేస్త్రీ మాటలో తప్పులేదు. ఆవిడ రెండో బట్టీకి పోయింది, మూడో బట్టీకి పోయింది, సంతబయలంతా కేకలు వేస్తూ తిరిగింది. ఏడెనిమిది మందిని వెంటబెట్టుకుని బడి చేరేసరికి ఒంటిగంట దాటింది. వ్యాను హైవే ఎక్కుతూ కనిపించింది. సాయంత్రంలోగా వాళ్ళు ఇంకో ఊళ్ళో ఉండాలట. డెబ్బై నాలుగు మంది పిల్లల్లో తొమ్మిది మందిని చూశారు. ఆ తొమ్మిది మంది తండ్రులూ ఊళ్ళోనే ఉండి గ్రూపులో చదువుకున్నవాళ్ళు.

ఆ సాయంత్రం ప్లాంటు దగ్గర ఖాతూన్ బీకి తల కొట్టేసినట్టయింది. కొందరు మొహం మీదే అన్నారు. రేపటి సెలవు కోసం ఒంట్లో ఎముకలు విరిగేలా బస్తాలు మోశామే, ఇప్పుడా సెలవు ఏం చేసుకోవాలి అన్నారు. నీళ్ళమ్మే మనిషికి బడి గొడవ ఎందుకని ఒకడు నవ్వాడు. అవన్నీ ఆవిడ పడింది. అంకమ్మ మాత్రం ఖాళీ క్యాను చంకన పెట్టుకుని, ప్లాంటు ముందునుంచే తలొంచుకుని, హైవే అవతలికి నడిచిపోయింది. తిట్టినవాళ్ళ మాటలు ఆ రాత్రికే మర్చిపోయింది గానీ, ఆ నడక ఖాతూన్ బీని నిద్రపోనివ్వలేదు.

తెల్లారి బడికి పోయింది. అపర్ణ టీచరు, తను వారం పేరు రాసి ఊరుకుందే తప్ప ఈ కాలనీలో రోజులు ఎలా లెక్కపెట్టుకుంటారో ఇన్నాళ్ళలో ఎప్పుడూ అడగలేదని, తప్పులో తనకూ వాటా ఉందని అన్నది. ఆసుపత్రి వాళ్ళకు ఫోను చేసి బతిమాలింది. వాళ్ళు మూడు వారాల తర్వాత మంగళవారం వస్తామన్నారు. అయితే ఈసారి ముందుగా ఏభై మంది పిల్లల పెద్దల సంతకాలు పంపాలి. ఆ రోజు పదిన్నరకల్లా ఏభై మంది రాకపోతే వ్యాను వెనక్కి పోతుంది, మళ్ళీ ఈ బడి వైపు రాదు. టీచరుకే ధైర్యం చాలలేదు. ఏభై మందిని మళ్ళీ ఎవరు కదిలిస్తారని నసిగింది.

“నా నోటితోనే పోయింది టీచరమ్మా,” అన్నది ఖాతూన్ బీ. “నా నోటితోనే తెస్తా. కాయితం ఇయ్యండి.”

ఆ రోజునుంచి కుళాయి కింద పెట్టిన ప్రతి క్యానుకూ ఒకే పాట. వ్యాను పోయింది నా వల్ల, సంతతో లెక్కపెట్టాను, సంత మారింది, తప్పు నాది, మళ్ళీ వస్తోంది, వేలిముద్ర వెయ్యండి. రోజుకు రెండొందల క్యాన్లు. రెండొందల సార్లు తప్పు ఒప్పుకుంది. ఆ నోరు ఎవరి దగ్గరా తగ్గిన నోరు కాదు. మొదట్లో వినోదంగా విన్నవాళ్ళకు మూడోరోజుకల్లా ఇబ్బందిగా అనిపించింది. అయినా వేలిముద్రలు పడలేదు. నాలుగు రోజులకు ఎనిమిది.

ఐదోరోజు ప్లాంటు మూసి అంకమ్మ ఇంటికి పోయింది. అంకమ్మ రాజేష్‌కు అన్నం పెడుతోంది. వాడు పళ్ళెంలోకి మొహం వంచి పచ్చడి ఏ వైపుందో వెతుక్కుంటున్నాడు. ఖాతూన్ బీ గుమ్మంలోనే కూర్చుంది. నీకు కోపముంటే తిట్టు గానీ అంత దూరం పోయి ఉప్పునీళ్ళు మొయ్యొద్దన్నది. అంకమ్మ కొడుకు పళ్ళెంలో ఇంకో ముద్ద వేసింది.

“నీ మీద నాకేం కోపమత్తా,” అన్నది. “ఆ రోజు నువ్వు అరుచుకుంటా వచ్చినప్పుడు నేను బస్తా కింద ఉన్నా. దించి రాబోతే మేస్త్రీ ఒద్దన్నాడు. నీ మాట నమ్మకపోవటం కాదు, ఏలిముద్ర ఏసి ఆ రోజు రాలేకపోతే పిల్లోడి మొహం ఎట్టా చూడాల? ముందు యల్లమంద దగ్గరికి పో.”

అసలు ముడి ఎక్కడుందో ఖాతూన్ బీకి అప్పుడు తెలిసింది. కాలనీవాళ్ళు ఆవిడను నమ్మకపోవడం కాదు, సెలవు మీద వాళ్ళకు నమ్మకం లేదు. మర్నాడు పొద్దున్నే బట్టీకి పోయింది. ఈసారి పరుగు లేదు, కేకలు లేవు. యల్లమంద పక్కన రాయి మీద కూర్చుని, సెలవు అడగడానికి రాలేదని చెప్పింది. ఆ మంగళవారం లోడింగు ఏడింటికి బదులు తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే పదింటికల్లా లారీలు కదులుతాయా కదలవా అని అడిగింది. యల్లమంద మనసులో లెక్కవేసుకున్నాడు. కదులుతాయన్నాడు. కానీ ఆ వేళకు మంచినీళ్ళు ఎవరిస్తారు, నీళ్ళు లేకుండా సున్నంలో మనుషులు నిలబడతారా అన్నాడు. నేనిస్తానన్నది ఖాతూన్ బీ. మూడున్నరకు ప్లాంటు తెరిచి క్యాన్లు బట్టీకే పంపిస్తానన్నది. యల్లమంద ఇంకో రెండు బట్టీల మేస్త్రీలతో కూడా తనే మాట్లాడాడు.

ఇక వేలిముద్రలకు అడ్డు లేదు. అంకమ్మది మొదట పడింది. శనివారం నాటికి ముప్పై, మరో వారానికి అరవై దాటాయి. తడి వేళ్ళతో వేసిన ముద్రలు అలుక్కుపోతుంటే ఖాతూన్ బీ తన కొంగుతో అందరి వేళ్ళూ తుడిచి మరీ వేయించింది. ఆ చీర ఇప్పటికీ నీలంగానే ఉంది.

రోజు లెక్క ఈసారి సంతకు వదల్లేదు. గుప్పెడు సున్నం కలిపి, కుళాయి పక్కన నల్లగోడ మీద ఆరు తెల్లటి గీతలు గీసింది. రోజూ పొద్దున మొదటి క్యాను పెట్టినవాళ్ళ ఎదురుగా తడిగుడ్డతో ఒక గీత చెరిపేది. గీతలు అయిపోయిన రోజు వ్యాను వస్తుంది, సంత ఎక్కడికి పోయినా మనకు అనవసరం అని చెప్పేది. చదువొచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ, తెలుగువాళ్ళకూ ఒడిశా నుంచి వచ్చిన కూలీలకూ ఆ గోడ ఒకేలా అర్థమైంది. పిల్లలైతే బడికి పోతూ పోతూ గీతలు పైకి లెక్కపెట్టి మరీ పోయేవాళ్ళు.

మంగళవారం ఆఖరి గీత చెరిగింది. తొమ్మిదింటికి వ్యాను వచ్చింది. తొమ్మిదిన్నరకు పదకొండు మంది, పదింటికి పద్నాలుగు. వ్యానులో వచ్చిన డాక్టరమ్మ మంచిదే గానీ గడియారం చూస్తోంది. అపర్ణ టీచరు వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతోంది. ఖాతూన్ బీ గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపే చూస్తోంది. మూడున్నరకే ప్లాంటు తెరిచి క్యాన్లు పంపిన మనిషి, ఇంకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. పదీ పావు అయింది. ఈసారీ పోతే ఈ కాలనీలో తలెత్తుకోవడం ఎలా అన్న ఆలోచన వచ్చింది. తల సంగతి అటుంచి, ఆ పిల్లలు జన్మంతా మొద్దులుగా మిగిలిపోతారే అన్న ఆలోచన దాని వెనకే వచ్చింది.

పదీ ఇరవైకి రోడ్డు మలుపులో తెల్లటి మనుషులు కనిపించారు. తల మీద సున్నం, కనుబొమల మీద సున్నం, చీరల మీద, లుంగీల మీద సున్నం. ఇంటికి పోయి బట్టలు మార్చుకునే వ్యవధి లేక, లోడు ఎత్తిన వాళ్ళు ఎత్తినట్టే నడిచొస్తున్నారు. ముందు అంకమ్మ. ఆవిడ వెనక ఎంతమందో లెక్క తేలకుండా రోడ్డు నిండా వస్తున్నారు. బళ్ళోంచి పిల్లలు వాళ్ళమ్మల్ని గుర్తుపట్టి కేరింతలు కొట్టారు. అపర్ణ టీచరు వరండా స్తంభం పట్టుకుని ఏడ్చేసింది.

డాక్టరమ్మ ఒక అభ్యంతరం చెప్పింది. సున్నం చేతులతో పిల్లల కళ్ళ దగ్గరికి రాకూడదు, అందరూ మొహాలూ చేతులూ శుభ్రంగా కడుక్కోవాలన్నది. బళ్ళో బోరు ఆ వారమే చెడిపోయింది. ఖాతూన్ బీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ప్లాంటు ఆటోలో ముప్పై క్యాన్లు తెప్పించి బడి గేటు ముందు దింపించింది. చుక్క కింద పడితే చంపేస్తానని బెదిరించే మనిషి, ఆ మంచినీళ్ళు తన చేత్తో అందరి దోసిళ్ళలో పోసింది. మొహాలు కడుక్కోండి, మెడలు కడుక్కోండి, ఒంచుకోండి అంటూ పోస్తూనే ఉంది. తెల్లటి నీళ్ళు గేటు ముందునుంచి రోడ్డు దాకా పారాయి.

మిగిలిన అరవై అయిదు మంది పిల్లల్లో ఏభై తొమ్మిది మంది కళ్ళు ఆ రోజు చూశారు. ఇరవై ఒక్క మందికి అద్దాలు రాశారు. రాజేష్ బోర్డు మీది పెద్ద అక్షరం తప్ప ఏమీ చదవలేకపోయాడు. డాక్టరమ్మ వాడి కంటికి ఒక అద్దం మార్చి ఇంకో అద్దం పెడుతూ పోతే, ఐదో అద్దానికి వాడు ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. మొద్దు కాదమ్మా, వీడికి ఇన్నాళ్ళూ కనపడలేదు, అంతే అని డాక్టరమ్మ చెప్పింది. అంకమ్మ కొడుకు తల నిమిరి, నేల మీద కూర్చుండిపోయింది. అంత సంతోషం నిలబడి మొయ్యడం ఆవిడ వల్ల కాలేదు.

అందరూ అయ్యాక చివరన జెబా. ఆ పిల్లకేముంది, కాగితం గుక్క తిప్పుకోకుండా చదువుతుంది, తరగతిలో ముందు వరసలో కూర్చుంటుంది. పేరు ఉంది గనక చూపించడమే. కుర్చీలో కూర్చోబెట్టి ఒక కన్ను మూశారు. రెండో వరస దగ్గరే జెబా ఆగిపోయింది. ఇంకో కన్ను మూశారు. మళ్ళీ అక్కడే ఆగింది. దగ్గరివి కనపడతాయి, దూరానివి కనపడవు అని డాక్టరమ్మ చెప్పింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగింది. జెబా తనకేం తెలుసు, అందరికీ ఇంతే కనపడుతుందనుకుందట.

ఆ గురువారం జెబా రొప్పుతూ వచ్చినప్పుడు, బట్టీలకు పోకుండా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తిన్నగా బడికి పోయి ఉంటే, పదో పిల్ల జెబా అయ్యేది. ఖాతూన్ బీ ఊరందరి పిల్లల కోసం పరిగెత్తింది. తన పిల్లకు అవసరమని కల్లో కూడా అనుకోలేదు. ఇన్నాళ్ళూ తప్పు దిద్దుకుంటున్నది పరాయివాళ్ళ కోసమేనన్న నమ్మకం ఆ కుర్చీ దగ్గర కుప్పకూలింది. జెబాను ఒళ్ళోకి లాక్కుని, మందు వేసిన ఆ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టి, నవ్వుతూ ఏడుస్తూ ఇంటికి తీసుకుపోయింది.

శనివారం సాయంత్రం ప్లాంటు తెరిచేసరికి క్యాన్ల వరస రోడ్డు దాకా ఉంది. హైవే అవతలికి అలవాటుపడ్డవాళ్ళు కూడా వచ్చారు. కాగితంలో అపర్ణ టీచరు అందరికీ నమస్కారాలు రాసింది. అద్దాలు వచ్చే శనివారం ఇస్తారు. రానివాళ్ళు ఆరుగురు ఉన్నారు, వాళ్ళ కోసం సోమవారం వ్యాను గురజాల బళ్ళో ఉంటుంది. ఆ ఆరుగురి పేర్లూ టీచరు రాయలేదు. రాయకపోయినా ఎవరో అందరికీ తెలుసు. అందులో ఒకడు యల్లమంద కూతురి కొడుకు. అందరినీ వదిలిన మేస్త్రీ ఆ రోజు లారీల దగ్గర తను ఆగిపోయాడు. మా వాడి చూపుకేం, బాణంలా ఉంటుందని కూడా అన్నాడట.

వరసలో యల్లమంద వంతు వచ్చింది. క్యాను కుళాయి కింద పెట్టాడు. ఖాతూన్ బీ కాగితం కబుర్లన్నీ ఒప్పజెప్పి, చివర్లో తన సొంత మాట కలిపింది. ఈసారి అది ఎవరి పిల్ల గోళ్ళ గురించీ కాదు.

“అద్దాలు పడ్డ ఇరవై ఒక్కరిలో మా జెబా ఉంది. రోజూ నా పక్కలో పడుకునే పిల్ల. నాకే తెలీలా. మీకు తెలుసని మీరూ అనుకోమాకండి.”

క్యాను నిండింది. నిండి పొర్లుతోంది. కుళాయి మీద చెయ్యి ఉన్నా ఖాతూన్ బీ కట్టలేదు, యల్లమంద మొహమే చూస్తోంది. నీళ్ళు అతని కాళ్ళ మీదుగా పారుతున్నాయి.

“అక్కా,” అన్నాడు యల్లమంద, “సోమవారం గురజాలకి ఎన్నింటికి పోవాల?”

తొమ్మిదింటికల్లా అక్కడుండాలన్నది ఖాతూన్ బీ. వచ్చేటప్పుడు వాడికి సరిగా కనపడదు, బండి ముందు కూర్చోబెట్టుకోవద్దు, వెనక వాళ్ళమ్మని ఎక్కించుకుని మధ్యలో కూర్చోబెట్టమని చెప్పింది. అప్పుడు కుళాయి కట్టింది.

సోమవారం ఆ బట్టీలో మేస్త్రీ లేకుండానే లారీలు కదిలాయి.